తాళం వెయ్యండి, తాళంచెవి మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రైవేటు హైస్కూలు. నేను కంప్యూటర్ మాస్టారిని. ల్యాబ్‌లో 14 సిస్టమ్‌లు ఉన్నాయి, సెక్షన్‌కి 42 మంది పిల్లలు. నిరుడు ఫైబర్ నెట్ పెట్టించిన దగ్గర్నుంచి ల్యాబ్ పీరియడ్ నా చెయ్యి దాటిపోయింది. నేను ఇటు తిరిగితే అటు కారు రేసులు, అటు తిరిగితే ఇటు షార్ట్స్. ఒక సైట్ ఆపితే పది నిమిషాల్లో ఇంకోటి కనిపెడుతున్నారు. మొన్న ఒక తండ్రి వచ్చి, "మా వోడికి ఇంట్లో ఫోనే నేదు మేస్టారూ, ఈ ఆటలన్నీ మీ బళ్ళోనే నేర్సుకున్నాడు" అని అందరి ముందూ అనేశారు. తల కొట్టేసినట్టయింది. మా కరస్పాండెంట్ గారు నెట్ పీకెయ్యమంటున్నారు. ఒక కంపెనీ వాళ్ళేమో తమ ఫిల్టర్ సాఫ్ట్‌వేర్ వేయించుకుంటే అన్నీ వాటంతటవే ఆగిపోతాయి, ఏడాదికింత కట్టండి చాలంటున్నారు. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

మాస్టారూ, ముందు ఆ తండ్రి మాట దగ్గరే ఆగుతాను. ఆయన కోపంలో ఒక నిజం చెప్పారు. ఇంట్లో ఫోను లేదన్నారు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. చెన్నైకో హైదరాబాద్‌కో పనికి పోయిన తండ్రితో పాటే ఆ ఇంటి స్మార్ట్‌ఫోనూ పోతుంది. అమ్మ దగ్గర ఉండేది మాట్లాడుకోవడానికి మాత్రం పనికొచ్చే చిన్న ఫోను. అలాంటి ఇంటి పిల్లకి ఇంటర్నెట్ అంటే వారానికి రెండు పీరియడ్లు మీ ల్యాబే. ఆ తీగ పీకేస్తే, ఇంట్లో ఫోను ఉన్నవాడికి పోయేదేమీ లేదు. సాయంత్రం ఇంటికెళ్ళి వాడి ఆట వాడు ఆడుకుంటాడు. నష్టమంతా ఆ పిల్లదే. కాబట్టి నెట్ తీయించకండి. కరస్పాండెంట్ గారితో వేరే వాదనలేవీ పెట్టుకోకుండా ఈ ఒక్క మాట చెప్పండి. మీ బడికి వచ్చే పిల్లల ఇళ్ళు ఆయనకీ తెలిసినవే కదా.

అలాగని అన్నీ వదిలెయ్యమని నేను అనను. విజయనగరంలో పద్దెనిమిదేళ్ళు స్కూలు ల్యాబ్‌లు చూశాను. అడ్డూ అదుపూ లేని ల్యాబ్‌లో ముందుగా నష్టపోయేది నెమ్మదైన పిల్లలు. పక్కవాడు ఆట తెరిస్తే మౌస్ వాడి చేతిలోకి పోతుంది. అడగడానికి మొహమాటపడే పిల్ల పీరియడ్ అంతా స్టూలు మీద కూర్చుని లేచిపోతుంది. కట్టడి ఉండాలి. ఎక్కడ ఉండాలి, దాన్ని తెరిచే అధికారం ఎవరి చేతిలో ఉండాలి అన్నవే అసలు ప్రశ్నలు.

మీ ఉత్తరంలో అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. విడదీద్దాం. అశ్లీలం, డబ్బు పెట్టి ఆడే ఆటలు, వైరస్‌లు అంటగట్టే సైట్లు ఒక రకం. వీటి విషయంలో బేరం లేదు. పందెం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. వీటికి వేసిన తాళం ఏ పీరియడ్‌లోనూ ఎవరి కోసమూ తియ్యరు, అంతే. కారు రేసులు, షార్ట్స్, క్రికెట్ స్కోరు రెండో రకం. ఇవి తప్పు పనులు కావు, ఆ నలభై నిమిషాల్లో అక్కడ ఉండకూడనివి. పైగా షార్ట్స్ ఉన్న యూట్యూబ్‌లోనే కాంతి వక్రీభవనం మీద మీరు చూపించాల్సిన వీడియో కూడా ఉంటుంది. అందుకని వీటి తాళం పాఠాన్ని బట్టి తెరుచుకోవాలి, మూసుకోవాలి. అమెరికాలో బడుల్లో ఇంటర్నెట్ ఫిల్టర్లు పెట్టాలని 2000లో చట్టం చేశారు. నెట్ ఖర్చులో ప్రభుత్వ రాయితీ తీసుకునే బడులకి అది వర్తిస్తుంది. ఆ చట్టం కూడా ఫిల్టర్‌తో ఆపమన్నది పిల్లలకి హాని చేసే అశ్లీల చిత్రాల్నే, ఆటల సైట్లు మూసెయ్యమని ఎక్కడా చెప్పలేదు. ధ్యాస మళ్ళడం అనేది క్లాసులో ఉన్న టీచర్ చూసుకోవాల్సిన సంగతి. చట్టంతోనో కంపెనీ సాఫ్ట్‌వేర్‌తోనో తీరేది కాదు.

మొదటి రకానికి మందు తేలికైనది, ఖర్చు కూడా లేదు. మీ ఫైబర్ రౌటర్ సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్ అని ఉంటుంది. పోస్ట్‌మేన్‌కి పేరు చెబితే ఇల్లు చూపిస్తాడు చూడండి, సైట్ పేరు చెబితే దాని చిరునామా ఇచ్చే పని డీఎన్‌ఎస్‌ది. మామూలుగా ఆ పని మీ నెట్ కంపెనీ చేస్తుంది. దాని బదులు కుటుంబాల కోసం పెట్టిన ఉచిత డీఎన్‌ఎస్ ఇస్తే, అశ్లీల సైట్లు, వైరస్ సైట్ల చిరునామా అడిగినప్పుడు అది చెప్పదు. డబ్బు ఆటల్ని మాత్రం ఇది ఆపకపోవచ్చు, వాటికి కింద చెప్పే జాబితా పద్ధతే తాళం. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళది 1.1.1.3, రెండోది 1.0.0.3. ఓపెన్‌డీఎన్‌ఎస్ ఫ్యామిలీషీల్డ్‌ది 208.67.222.123. క్లీన్‌బ్రౌజింగ్ ఫ్యామిలీ ఫిల్టర్‌ది 185.228.168.168. బడికైతే నేను క్లీన్‌బ్రౌజింగే వేస్తాను. గూగుల్ సెర్చ్‌నీ యూట్యూబ్‌నీ కూడా అదే సేఫ్ మోడ్‌లో పెట్టేస్తుంది, ఫిల్టర్‌ని దాటించే వీపీఎన్, ప్రాక్సీ సైట్లని కూడా చాలావరకు ఆపుతుంది. రౌటర్‌లో ఒకసారి మారిస్తే 14 సిస్టమ్‌లకీ వర్తిస్తుంది, ఆఫీసు గదిలో కంప్యూటర్‌కి కూడా. అది మంచిదే.

మార్చగానే రౌటర్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. పెట్టెతో పాటు వచ్చిన పాస్‌వర్డ్ అలాగే వదిలేస్తే తొమ్మిదో తరగతి వాడికి రెండు రోజులు చాలు. నా దగ్గర ఒకడు అలాగే లోపలికి వెళ్ళి తన సిస్టమ్ ఒక్కదానికే అడ్డులన్నీ తీసేశాడు. ఎలా దొరికాడంటే, ల్యాబ్ మొత్తం మీద నెట్ బాగా వస్తున్నది వాడి సిస్టమ్ ఒక్కదాంట్లోనే. నేను ఆ సాయంత్రమే పాస్‌వర్డ్ మార్చి, మర్నాటి నుంచి ల్యాబ్ కేబుళ్ళూ స్విచ్చీ చూసే పని వాడికి అప్పగించాను. అసెంబ్లీలో నిలబెట్టమని ఇద్దరు మాస్టార్లు గట్టిగా అన్నారు, నేను ఒప్పుకోలేదు. ఆ వయసులో తాళం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలనిపించడం నేరం కాదు. ఇంకొకళ్ళ గదిలోకి అడక్కుండా వెళ్ళకూడదని వాడికి విడిగా కూర్చోబెట్టి చెప్పాల్సిన బాధ్యత మాత్రం మనది.

ఇక రెండో రకం. ఇక్కడ డీఎన్‌ఎస్ చాలదు. అది సైట్ మొత్తాన్ని ఆపగలదు, లేదా మొత్తాన్ని వదలగలదు. యూట్యూబ్‌లో షార్ట్స్ వరకు ఆపి పాఠం వదలమంటే దాని వల్ల కాదు. మీ పిల్లలు పది నిమిషాల్లో ఇంకో ఆట కనిపెడుతున్నారన్నారు కదా, వాటిలో చాలా ఆటలు గూగుల్ సైట్స్ లాంటి చోట ఎవరో ఉచితంగా పెట్టిన పేజీలు. అవి వందలు పుడతాయి, మీరు ఒక్కొక్కటీ రాసుకుంటూ వెంటపడితే అలిసిపోయేది మీరే. నేనూ రెండేళ్ళు అలాగే వెంటపడ్డాను. ప్రతి శుక్రవారం సాయంత్రం హిస్టరీ చూడడం, పేర్లు రాసుకోవడం, ఆపడం. సోమవారానికి కొత్తవి. ఆ రెండేళ్ళ శ్రమ వృథా.

తిరగేసి చెయ్యాలి. అన్నీ మూసేసి, ఆ వారం పాఠానికి కావలసినవే తెరవండి. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, క్రోమ్‌లోనే ఉంది. యూఆర్‌ఎల్ (సైట్ చిరునామా) బ్లాక్‌లిస్ట్ అని ఒక పాలసీ (బ్రౌజర్‌కి పెట్టే నియమం), యూఆర్‌ఎల్ అలౌలిస్ట్ అని ఇంకో పాలసీ. మొదటిదాంట్లో ఒక్క నక్షత్రం గుర్తు పెడితే సర్వం మూతపడుతుంది. రెండోదాంట్లో రాసినవి మాత్రం తెరుచుకుంటాయి. రెండింటికీ పోటీ వస్తే తెరవమన్న జాబితాదే పైచేయి. విండోస్ ప్రో అయితే గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో పెట్టొచ్చు. హోమ్ అయితే ఆ ఎడిటర్ ఉండదు, విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీలో రాయాలి. ఒక సిస్టమ్‌లో సరిగ్గా పెట్టి ఆ రిజిస్ట్రీ ఫైలుని దాచుకుంటే, మిగతా 13 సిస్టమ్‌లలో దాన్ని రెండుసార్లు నొక్కితే చాలు. క్రోమ్‌లో పాలసీల పేజీ తెరిచి చూస్తే ఏవి అమల్లో ఉన్నాయో కనిపిస్తాయి, పాలసీలు మళ్ళీ లోడ్ చేసే బటన్ కూడా అక్కడే ఉంటుంది.

యూట్యూబ్ సంగతి. ఈ పద్ధతిలో యూట్యూబ్ మొత్తం మూసి, ఒక్క వీడియోని దాని గుర్తింపు అక్షరాలతో సహా జాబితాలో రాస్తే ఆ ఒక్కటే తెరుచుకుంటుంది. పక్కన వచ్చే మిగతావి నొక్కితే మాత్రం పేజీ కొత్తగా లోడ్ కాకుండానే తెరుచుకోవచ్చు, అటు ఒక కన్నేసి ఉంచండి. మీరు ఉత్తరంలో రాసిన తలనొప్పుల్లో సగం దీంతోనే తగ్గుతాయి. రిస్ట్రిక్టెడ్ మోడ్ పెడితే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. అది పెద్దవాళ్ళ వీడియోల్ని దాస్తుంది, కామెంట్లు దాస్తుంది. కార్టూన్లూ క్రికెట్టూ దానికి అభ్యంతరం కాదు.

క్రోమ్‌లో చేసి వదిలెయ్యకండి. ఎడ్జ్‌లోనూ ఇవే పాలసీలు ఉన్నాయి, ఫైర్‌ఫాక్స్‌లో వెబ్‌సైట్ ఫిల్టర్ అని వేరే పేరుతో ఉంది. నేను మొదటిసారి క్రోమ్ ఒక్కటే కట్టేసి ధీమాగా కూర్చుంటే, పిల్లలంతా మర్నాడు ఎడ్జ్‌లో ఉన్నారు. ఇన్‌కాగ్నిటో ఆపండి, ఎక్స్‌టెన్షన్‌లు వేసుకోవడం ఆపండి, రౌటర్ డీఎన్‌ఎస్‌ని దాటిపోయే సెక్యూర్ డీఎన్‌ఎస్ ఆపండి. ఈ మూడింటికీ పాలసీలున్నాయి. పిల్లల లాగిన్ వేరే, అడ్మిన్ లాగిన్ వేరే. ఇప్పుడు మీ ల్యాబ్‌లో అందరూ అడ్మిన్‌గానే కూర్చుంటున్నారేమో చూడండి, చాలా బడుల్లో అంతే. అలాగైతే మీరు పెట్టిన ఏ తాళమూ తాళం కాదు. పెన్‌డ్రైవ్‌లో బ్రౌజర్ మోసుకొచ్చేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. యూఎస్‌బీ స్టోరేజ్‌ని విండోస్‌లో ఆపేస్తే పెన్‌డ్రైవ్ తెరుచుకోదు, మౌసూ కీబోర్డూ పనిచేస్తూనే ఉంటాయి. ఇంకొకటి, నెట్ లేనప్పుడు క్రోమ్‌లో డైనోసార్ ఆట వస్తుంది చూడండి, దాన్ని ఆపడానికి కూడా విడిగా ఒక పాలసీ ఉంది. నెట్ పీకెయ్యమన్న కరస్పాండెంట్ గారికి ఇది చెప్పండి. పీకిన మరుక్షణం 14 స్క్రీన్ల మీదా ఆ డైనోసారే గెంతుతూ ఉంటుంది.

ఇంతవరకు ఎవరైనా చెబుతారు. నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇప్పుడు.

కొన్నేళ్ళ క్రితం నేను ఒక ఎయిడెడ్ స్కూల్లో ల్యాబ్ చూసేవాణ్ణి. యాజమాన్యం ఒక కంపెనీ చేత ఫిల్టర్ వేయించింది. మీరు రాసినట్టే, అన్నీ వాటంతటవే ఆగిపోతాయన్నారు. ఆగిపోయాయి. ఆ ఏడు మా బడిలో ఒక అమ్మాయి ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్షలో ఎంపికైంది. ఏడాదికి 12,000 రూపాయలు, తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా. వాళ్ళ అమ్మ జూట్ మిల్లులో పనిచేసే మనిషి, నాన్న లేడు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చెయ్యడానికి ఇద్దరూ ల్యాబ్‌కి వచ్చారు. గడువుకి ఒక్క రోజు ఉంది. పేజీ తెరుచుకోలేదు. ఎర్ర బోర్డు మీద ఇంగ్లీషులో ఏదో వచ్చింది. ఫిల్టర్ పాస్‌వర్డ్ నా దగ్గర లేదు, హెడ్‌మాస్టర్ గారి దగ్గరా లేదు. కంపెనీ మనిషికి ఫోన్ చేస్తే ఆయన ఆ ఉద్యోగం మానేశారు. ఆయన ఇచ్చిన ఇంకో నంబరు ఎత్తలేదు. ఆ పిల్ల స్క్రీన్ వంక చూసి నన్ను మెల్లిగా అడిగింది, "నా పేరు నేదా సార్?" అని. తెరుచుకోనిది పేజీ అని దానికి తెలీదు. తనకి స్కాలర్‌షిప్ రాలేదనుకుంది.

వాళ్ళిద్దర్నీ ఆటో ఎక్కించి మూడులాంతర్ల దగ్గర నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. రాత్రి ఎనిమిదిన్నరకి పని అయింది. స్కాలర్‌షిప్ వచ్చింది కూడా. కానీ ఆ అమ్మాయి మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. మన ల్యాబ్‌లో, మన కుర్చీలో, మన ఎదురుగా కూర్చున్న పిల్లకి మనం ఒక పేజీ తెరిచి ఇవ్వలేకపోయాం. ఆ రోజు నుంచి నాకు ఒకటే నియమం. గదిలో ఉన్న టీచర్ తియ్యలేని తాళం ఆ గదికి వెయ్యకూడదు.

అందుకే ఆ కంపెనీ వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు ధర గురించి తర్వాత మాట్లాడండి. ముందు పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. ఒక సైట్ తెరవాలంటే మీరే తెరవగలరా, వాళ్ళకి రాసి ఎదురుచూడాలా? వచ్చే ఏడాది డబ్బు కట్టకపోతే ఫిల్టర్ తెరుచుకుపోతుందా, మూసుకుపోతుందా? పిల్లలు ఏమేం చూశారో ఆ లెక్క ఎక్కడ దాస్తారు, ఎవరు చూస్తారు? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండని వాళ్ళందర్నీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ళ సమాచారం విషయంలో జాగ్రత్తలు ఎక్కువ పెట్టింది. ఈ నాలుగింటికీ తిన్నగా జవాబు చెబితే ఆలోచించండి. నీళ్ళు నమిలితే టీ ఇచ్చి పంపెయ్యండి. 14 సిస్టమ్‌ల ల్యాబ్‌కి నేను పైన చెప్పినవి చాలు.

మాటల్ని బట్టి ఆపే ఫిల్టర్లని మాత్రం అసలు దగ్గరికి రానివ్వకండి. వాళ్ళ జాబితాలో ఇంగ్లీషు మాటలుంటాయి. మన పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగు బూతులు దానికి తెలియవు, అవన్నీ దాటిపోతాయి. పట్టుబడేది ఎవరంటే, సోషల్ పాఠంలో సెక్స్ రేషియో గురించి వెతికే పిల్ల. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ వెయ్యి మంది మగవాళ్ళకి ఆడవాళ్ళు వెయ్యికి పైనే ఉన్నారు. దేశంలో చాలా జిల్లాలు చెప్పుకోలేని మాట అది. మన పిల్ల మన జిల్లా గురించి ఆ సంగతి చదవబోతే తెర ఎర్రబడి, పక్క సీట్లో అబ్బాయిలు నవ్వుతారు. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠానికీ ఇదే గతి. ఆ నవ్వు విన్న పిల్ల మళ్ళీ ఏదీ వెతకదు.

తాళంచెవి మీ దగ్గరుంటే ఎలా వాడాలో చెబుతాను. ల్యాబ్‌లో మీ సిస్టమ్‌కి ఆ జాబితా పెట్టకండి, రౌటర్ ఫిల్టర్ ఒక్కటే ఉంచండి. ఎవరికైనా జాబితాలో లేని సైట్ కావాలంటే లేచి వచ్చి అడగాలి. ఎందుకని ఒక్క ముక్క చెప్పాలి. అప్పటికప్పుడు మీ కుర్చీలో కూర్చోబెట్టండి, మీరు పక్కన నిలబడండి. రెండు నిమిషాల పని. బల్ల మీద ఒక నోట్‌బుక్ పెట్టి ఏ సైట్ అడిగారో రాయించండి. ఒకే సైట్ ముగ్గురు అడిగితే వచ్చే వారం జాబితాలో చేరుతుంది. మా ల్యాబ్‌లో మొదటి నెల ఆ పుస్తకంలో ఆరు పేర్లే ఉన్నాయి, అడగడానికి సిగ్గు. తర్వాత రాయడానికి చోటు చాలలేదు. సోంపేట వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక అబ్బాయి తుపాను ఎక్కడుందో చూడ్డానికి వాతావరణ శాఖ పేజీ అడిగాడు. 2018 తిత్లీలో వాళ్ళ కొబ్బరి తోట పోయింది. అలాంటి అవసరం ఏ కంపెనీ జాబితాకి తడుతుంది?

ఏం మూశారో, ఎందుకు మూశారో పిల్లలకి మీరే చెప్పండి, బోర్డు మీద రాసి మరీ. దొంగచాటుగా మూస్తే దొంగచాటుగా తెరుస్తారు. వేయాన్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మీ సిస్టమ్ మీద 14 స్క్రీన్లూ కనబడతాయి, పాఠం చెప్పేటప్పుడు అన్నిటినీ ఒకేసారి లాక్ చెయ్యొచ్చు. వేసుకోండి. కానీ మొదటి రోజే మీ తెర అందరికీ చూపించండి, ఇదిగో నాకు ఇలా కనిపిస్తుంది అని. పిల్లలకి తెలియకుండా చూడడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ఎవడైనా చెడ్డ పేజీ తెరిస్తే కేకలెయ్యకండి. చాలాసార్లు అది వాడు వెతికింది కాదు, దేన్నో నొక్కితే వచ్చింది. స్క్రీన్ లాక్ చేసి, పీరియడ్ అయ్యాక విడిగా పిలిచి అడగండి. ఎవరో ఆన్‌లైన్‌లో వేధిస్తున్నారని ఆ మాటల్లో బయటపడితే 1098 పిల్లల హెల్ప్‌లైన్, డబ్బు మోసమైతే 1930. ఈ రెండు నంబర్లూ ల్యాబ్ గోడ మీద పెద్దగా రాయించండి.

పైసా ఖర్చు లేనిది ఇంకొకటుంది, అది మీరు వచ్చే ఆదివారమే చేసెయ్యొచ్చు. సిస్టమ్‌లు వరసల్లో ఉన్నాయా? అయితే మీకు కనబడేవి మానిటర్ల వీపులు. బల్లల్ని మూడు గోడల వెంట తిప్పండి, పిల్లల మొహాలు గోడకి, తెరలు మీకు. మధ్యలో నిలబడితే 14 తెరలూ ఒక్క చూపులో కనిపిస్తాయి. కరెంటు ప్లగ్గులు కూడా గోడకే ఉంటాయి కాబట్టి వైర్లు కాళ్ళకి తగలవు. ఇంత చేశాక మీకు తాళం అవసరం ఎంత తగ్గుతుందో చూడండి.

ఇక అసలు కారణం దగ్గరికి వస్తాను. 42 మందికి 14 సిస్టమ్‌లంటే ఒక్కోదానికి ముగ్గురు. మౌస్ ఒకరి చేతిలో. మిగతా ఇద్దరికి పనేమిటి? మీరు ఎమ్మెస్ వర్డ్‌లో బోల్డు ఎలా చెయ్యాలో చెబుతున్నారనుకోండి, అది మూడు నిమిషాల్లో అయిపోతుంది. మిగతా ముప్ఫై ఏడు నిమిషాలు వాళ్ళు ఏం చెయ్యాలి? ఆట తెరుస్తారు. నేనైనా తెరుస్తాను. ముగ్గురికీ మూడు పనులివ్వండి. ఒకరు నడపాలి, ఒకరు ఏం చెయ్యాలో చదివి చెప్పాలి, ఒకరు కాగితం మీద రాయాలి. పన్నెండు నిమిషాలకోసారి చేతులు మారాలి. గడియారం మీ దగ్గర.

పని కూడా పిల్లల సొంతం అనిపించేది కావాలి. నా అనుభవంలో అన్నిటికంటే బాగా పనిచేసింది చెబుతాను. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాంట్లో మన రాష్ట్రంలో ఊరూరికీ ఒక పేజీ ఉంది. చాలావాటిలో ఉన్నది 2011 జనాభా లెక్కల అంకెలే. ఎంతమంది, ఎన్ని ఇళ్ళు, ఎన్ని హెక్టార్లు. పిల్లలకి వాళ్ళ ఊరి పేజీ తెరిచి చూపించండి. మొదటి అయిదు నిమిషాలు గోల గోలగా ఉంటుంది, ఉండనివ్వండి. తర్వాత ఒక్కొక్కరూ చెప్పడం మొదలెడతారు. మా ఊరి చెరువు పేరు లేదు, మా అమ్మవారి పండగ లేదు, బస్సు వస్తుందని రాశారు, మానేసి ఎంత కాలమైంది. లేనివి రాయించండి, ఎవరిని అడిగి తెలుసుకున్నారో రాయించండి. పొందూరు వైపు పిల్లలైతే వాలుగ చేప దవడతో పత్తి ఎలా ఏకుతారో ఇంట్లో చూసి ఉంటారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లి పిల్లలకి పనసకర్రతో వీణ ఎలా చేస్తారో తెలుసు. అచ్చు పుస్తకంలో లేనిది తమకి తెలుసని తెలిసిన పిల్ల కారు రేసు వంక చూడదు. వికీపీడియాలో పెట్టేది మీరు చూసి పెట్టండి. పిల్లల పేర్లు, ఫొటోలు, ఇంటి వివరాలు మాత్రం ఎక్కడా రాకూడదు.

నెట్ సతాయించే రోజులకి కివిక్స్ వేసి ఉంచండి. తెలుగు వికీపీడియా మొత్తం ఒక ఫైలుగా దిగుతుంది, ఆ తర్వాత నెట్ లేకపోయినా చదువుకోవచ్చు. నెట్ లేకుండా పాఠాలు చూపించే కొలిబ్రి అని ఇంకొకటి ఉంది, ఒక సిస్టమ్‌లో వేస్తే మిగతావన్నీ ల్యాబ్ కేబుల్ మీదే దాన్ని చూస్తాయి. సైన్సుకి ఫెట్ ప్రయోగాలు. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ పంచుకున్న కార్ల్ వీమన్ ఆ మరుసటి ఏడు కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన పని అది. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. బల్బు, బ్యాటరీ, తీగ తెర మీదే కలిపి చూడొచ్చు, తప్పు కలిపితే మంట వస్తుంది. పిల్లలు ముందు మంటే పెడతారు, పెట్టనివ్వండి. కారు ఆటలంటే పడిచచ్చేవాళ్ళకి పిల్లలు సొంతంగా ఆటలు తయారుచేసుకునే స్క్రాచ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చి కారు ఆట మీరే చెయ్యండ్రా అనండి. స్క్రాచ్ వెబ్‌సైట్ మాత్రం వద్దు, అక్కడ ఇతరులు చేసిన ఆటలు లక్షల్లో ఉంటాయి, మళ్ళీ మొదటికొస్తుంది. సిస్టమ్‌లో వేసుకునే స్క్రాచ్ ఉంది, అది చాలు.

శనివారం చివరి పది నిమిషాలు మాత్రం ఆటకి వదిలెయ్యండి. చాలామంది టీచర్లు దీనికి ఒప్పుకోరు. నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే ఆ పది నిమిషాలు ఉన్నాయని తెలిసిన పిల్లలు వారమంతా తాళంతో పోట్లాడరు.

అన్నీ ఒకేసారి చెయ్యబోకండి. ఈ ఆదివారం బల్లలు తిప్పి, రౌటర్‌లో డీఎన్‌ఎస్ మార్చండి. వచ్చే వారం పిల్లల లాగిన్‌లు. ఆపై వారం ఒక్క తొమ్మిదో తరగతికే జాబితా పెట్టి చూడండి. ఎక్కడైనా ఇరుక్కుంటే మళ్ళీ రాయండి, ఏ విండోసో ఏ రౌటరో కూడా రాస్తే తిన్నగా చెప్పగలను.

ఆ తండ్రిని మాత్రం ఒక శనివారం ల్యాబ్‌కి రమ్మని మీరే కబురు పెట్టండి. కొడుకు పక్కన స్టూలేసి కూర్చోబెట్టండి. వాళ్ళ ఊరి పేజీ తెరిచి వాడి చేతే చదివించండి. ఆ పేజీలో ఏం తప్పుందో, ఏం లేదో వాడికంటే ఆయనకే బాగా తెలుస్తుంది. ఆయన చెబుతుంటే కొడుకు టైపు చేస్తాడు.